సెమినార్ అయ్యాక టీ దగ్గర ఒక్కడినే నిలబడుతున్నా, పైగా వచ్చే నెల నాదే ప్రెజెంటేషన్.. ఏం చెయ్యాలి?

పలాసోడు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే, ఎంఏ హిస్టరీ పరీక్షలు కూడా తెలుగులోనే రాశా. జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్ళకి ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది, హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరి ఏడు నెలలైంది. టాపిక్ మా వైపుదే, నౌపడ ఉప్పు మడులు, బ్రిటిష్ వాళ్ళ టైంలో వాటి కథ.

చదవడం వరకు ఇబ్బంది లేదు, డిక్షనరీ పక్కన పెట్టుకునైనా లాగించేస్తా. గొడవంతా బుధవారాలతో. ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడింటికి డిపార్ట్‌మెంట్ సెమినార్ ఉంటుంది, బయట నుంచి ఎవరో ప్రొఫెసర్ వస్తారు లేదంటే మా సీనియర్లలో ఒకరు చాప్టర్ చదువుతారు, ముప్పావు గంట ప్రసంగం, తర్వాత ప్రశ్నలు, ఆ తర్వాత వరండాలో టీ సమోసా. ఈ ఏడు నెలల్లో నేను అడిగిన ప్రశ్నలు సున్నా. అడగడానికి లేక కాదు, లోపల ప్రశ్న తయారవుతుంది, దాన్ని ఇంగ్లీషులోకి తిప్పి, ఈజ్ పెట్టాలా వాజ్ పెట్టాలా అని చూసుకునేసరికి మైకు పక్కోడి చేతిలో ఉంటుంది, వాడు అచ్చం నా ప్రశ్నే అడిగేస్తాడు, అందరూ గుడ్ క్వశ్చన్ అంటారు.

ఇంకోటి చెప్పాలి. చేరిన మొదటి నెలలోనే పరువు పోయింది. నోటీసులో డిస్కసెంట్ అని ఒక మేడం పేరు వేశారు. నేను అదేటో సెమినార్ ఏర్పాట్లు చూసే ఆవిడ అనుకున్నా. ప్రసంగం అవ్వగానే ఛైర్‌లో ఉన్న సార్ "డిస్కసెంట్ ప్లీజ్" అన్నారు. చర్చకి ఎవరైనా రండి అంటున్నారు కాబోలనుకుని చెయ్యెత్తేశా. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత వెనక వరసలో కిసుక్కుమని నవ్వు. ఆరోజు నుంచి కిటికీ పక్క ఆఖరి కుర్చీ నాదే.

టీ దగ్గర ఇంకా ఘోరం. మూడు గుంపులుంటాయి, ఫ్యాకల్టీది ఒకటి, ఢిల్లీ కలకత్తా నుంచి వచ్చినోళ్ళది ఒకటి, సీనియర్లది ఒకటి. నేను సమోసా ఎంత నెమ్మదిగా తినొచ్చో అంత నెమ్మదిగా తింటా. పోయినవారం అమ్మతో ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించా, మధ్యలో నిజంగా అమ్మే ఫోన్ చేసింది, చెవి దగ్గరే మోగింది.

ఇప్పుడు గైడ్ సార్ వచ్చే నెల నన్నే ప్రెజెంట్ చెయ్యమన్నారు, ఇరవై నిమిషాలు. చేతులు చల్లబడిపోతున్నాయి. అసలు ఇరవై నిమిషాల్లో ఏం చెప్తారు, ఎలా చెప్తారు, ఈ టీలు, వెల్కమ్ పార్టీలు, గెస్ట్ వస్తే డిన్నర్లు వీటన్నిటికీ పోవాల్సిందేనా, పోకపోతే ఏమన్నా నష్టమా? తెలిసినోళ్ళు చెప్పండి.

తార్నాక_అక్క:

తమ్ముడూ, నువ్వు చెయ్యెత్తిన ముచ్చట చదివి నవ్వొచ్చింది కానీ అది నీ తప్పు కాదు. డిస్కసెంట్ అంటే పేపర్ ముందే చదువుకొని వచ్చి, అందరికంటే ముందు పది నిమిషాలు దాని మీద మాట్లాడే మనిషి అని నీకు ఎవరన్న చెప్పిన్రా? ఎవరు చెప్పరు. ఇవన్నీ అందరికీ పుట్టుకతోనే తెలుసు అన్నట్టు నడిపిస్తరు. నేను ఓయూల పీహెచ్‌డీ చేసిన, మాది నల్గొండ దిక్కు ఊరు, నాకు గూడ ప్లీనరీ అంటే అందరూ ఒకే హాల్ల కూసునే పెద్ద సెషన్ అని రెండేండ్లు తెల్వదు.

ప్రశ్న సంగతి చెప్తా. నువ్వు పెద్ద ప్రశ్న తయారు చేద్దామని చూస్తున్నవ్, గదే తిప్పలు. పెద్ద ప్రశ్నలు అడిగేటోళ్ళల్ల సగం మందికి జవాబు అవసరం లేదు, వాళ్ళు చదివిన పుస్తకం పేరు గదిలో వినపడాలె, అంతే. "ఇది ప్రశ్న కాదు, కామెంటు" అని మొదలుపెట్టి ఏడు నిమిషాలు లాగే సార్ ప్రతి డిపార్ట్‌మెంట్‌ల ఒకడుంటడు. నువ్వు చిన్నది అడుగు. మీరు చెప్పిన కూలి లెక్క ఏ రికార్డుల దొరికింది? ఈ పన్ను కట్టింది మడి ఓనరా, వ్యాపారా? గంతే. ప్రసంగం నడుస్తుండంగనే నోట్‌బుక్‌ల ముందు తెలుగుల రాస్కో, కింద ఇంగ్లీషుల ఒక్క లైన్ రాస్కో, మైకు రాంగనే చూసి చదువు. చూసి చదివితే ఎవడూ ఏమనడు. ఇంకో మాట, చెయ్యి మొట్టమొదలే లేపు. ఆఖరికి లేపుదామనుకుంటే ఛైర్ పర్సన్ గడియారం చూసి "మిగతాది టీ దగ్గర" అంటడు.

ఇరవై నిమిషాలంటే చూసి చదివితే రెండువేల నాలుగొందల పదాలు, అంతకంటే ఒక్క పేజీ ఎక్కువ రాసినా చివర్ల ఉరుకుడే. చాప్టర్ మొత్తం చెప్పాలని చూడకు. నీ ఉప్పు కథల ఒక్క ముడి తీసుకో, ఒక్క ఏడాదో, ఒక్క ఊరో, ఒక్క గొడవో. రూంల తలుపేసుకొని ఫోన్ల టైమర్ పెట్టుకొని నిలబడి మూడుసార్లు చదువు, కూసొని కాదు. స్లైడ్లు ఐదారు చాలు, అందుల ఒకటి మ్యాప్ ఉండాలె, నౌపడ ఎక్కడుందో ఆ గదిల ఎవనికీ తెల్వదు.

సర్టిఫికెట్_సుబ్బారావు:

బ్రదర్, ఇంత టెన్షన్ అవసరమా? ఈ సెమినార్లంత పెద్ద నాటకం ఇంకోటి లేదు. నేను రెండేళ్ళలో పద్నాలుగు నేషనల్ సెమినార్లు తిరిగా, అన్నీ ఒకటే. పదింటికి అని కార్డులో వేస్తారు, ముఖ్య అతిథి పదకొండున్నరకి వస్తారు, జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, స్టేజీ మీద పదకొండు మంది, పదకొండు మందికీ బొకే, శాలువా, మెమెంటో, ఒక్కొక్కళ్ళూ "సమయాభావం వల్ల రెండు మాటలు" అని ఇరవై నిమిషాలు. వందన సమర్పణ అయ్యేసరికి భోజనాలు. మధ్యాహ్నం టెక్నికల్ సెషన్‌లో పద్దెనిమిది మంది పేపర్లుంటాయి, తలా ఐదు నిమిషాలు. నేను నెల్లూరు నుంచి రాత్రంతా బస్సులో పోయి ఒకచోట మూడు నిమిషాలు మాట్లాడా, అందులో ఒక నిమిషం మైకు పని చెయ్యలా. రిజిస్ట్రేషన్ ఫీజు పదిహేను వందలు. సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు తప్పు.

అప్పట్లో తప్పదు కాబట్టి తిరిగాం. 2016 యూజీసీ రూల్స్ ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు రెండు సెమినార్లలో పేపర్ చదవాలి, ఒక పేపర్ జర్నల్లో అచ్చవ్వాలి. 2022 రూల్స్‌లో అది తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా ఏమన్నా పెట్టుకుందేమో ఒకసారి ఆర్డినెన్స్, అంటే వాళ్ళ పీహెచ్‌డీ రూల్స్, చూసుకో. లేకపోతే హాయిగా రూంలో కూర్చుని థీసిస్ రాసుకో.

రిటైర్డ్_లెక్చరర్:

సుబ్బారావు గారు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదండీ. ఆ స్టేజీ మీద పదకొండు మందిని కూర్చోబెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. గ్రాంటు వస్తుంది, మార్చి 31 లోపల ఖర్చు చెయ్యాలి, అందుకే మన దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెళ్ళిళ్ళకన్నా సెమినార్లు ఎక్కువ. ఎవర్ని పిలవకపోతే ఎవరికి కోపమొస్తుందో చూసుకుని స్టేజీ నింపుతాం, ఉన్న మాట చెప్పుకోవాలి కదా.

కానీ దాన్నీ ఈ అబ్బాయి చెప్పే బుధవారం సెమినార్‌నీ ఒక గాటన కట్టకండి. ఇరవై మంది కూర్చుని ఒకే పేపర్ మీద గంటన్నర మాట్లాడుకునే చోటు దొరకడం అదృష్టం. నేను పనిచేసిన కాలేజీలో ముప్పై ఏళ్ళలో అలాంటిది ఒక్కటి నడపలేకపోయాను, ఎవరూ వచ్చేవారు కాదు.

బాబూ, ఇంగ్లీషు గురించి నీ భయం అర్థమైంది. ఒక సంగతి చెప్తాను. ఉస్మానియా 1918లో పెట్టినప్పుడు బోధన ఉర్దూలో. ఫిజిక్సు, మెడిసిను, లా, అన్నీ. దానికోసం అంతకుముందు ఏడాదే అనువాదాలకి ఒక బ్యూరో పెట్టారు, ఇంగ్లీషులో ఉన్న శాస్త్రపదాలన్నిటికీ కూర్చుని మాటలు తయారు చేశారు. ఆ పద్ధతి తర్వాత పోయిందనుకో, ఆ ఉర్దూ కూడా ఇక్కడి తెలుగు పిల్లలకి ఎంతవరకు తమది అన్నది వేరే చర్చ. చదువుకి ఇంగ్లీషు ఒక్కటే దారి అని ఎప్పుడూ లేదని చెప్పడానికి అంటున్నాను. మీ ఛైర్ పర్సన్‌ని ముందే కలిసి, ప్రశ్నలకి తడుముకుంటే తెలుగులో చెప్తాను, ఎవరైనా అనువదిస్తారా అని అడుగు. నేను ఛైర్ చేసిన చోట చాలాసార్లు ఒప్పుకున్నాను.

టీ గురించి అడిగావు. ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ అని విన్నావు కదా, 1935లో పుణెలో మొదలైంది, ఏటా డిసెంబరు ఆఖర్లో ఒక్కో యూనివర్సిటీలో జరుగుతుంది. నేను మొదటిసారి పోయినప్పుడు హాస్టల్ గదిలో నేల మీద పరుపులు వేసి పడుకోబెట్టారు, చలికి నిద్ర పట్టలేదు. నా పేపర్ ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది, ఎవరూ ఏమీ అడగలేదు, ఉసూరుమనిపించింది. మర్నాడు భోజనాల క్యూలో చేతిలో కంచంతో నా ముందు నిలబడ్డ పెద్దాయన, నిన్న మీరు చదివింది విన్నానండీ, దానికి సంబంధించిన రెవెన్యూ కాగితాలు మద్రాసు ఎగ్మోర్‌లో, పాత సర్కారు కాగితాలు దాచే ఆర్కైవ్స్‌లో ఫలానా వరసలో ఉన్నాయి, చూశారా అన్నారు. పప్పు వడ్డించుకునే లోపల రెండేళ్ళ పని మిగిలింది నాకు. నువ్వూ ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కి పోవాల్సిందే, మీ నౌపడ అప్పట్లో గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడే కదా ఆ జిల్లా చీలింది.

ఇంకొక్క ముక్క. మీ ఉప్పు లెక్కలు ఏ కొలతలో ఉన్నాయి? మణుగులే అయితే ఏ మణుగో స్లైడ్ మీద రాయి. మద్రాసు మణుగు ఇరవై అయిదు పౌన్లు, ఇండియన్ మణుగు ఎనభై రెండు పౌన్ల పైచిలుకు. ఇక్కడ చాలామంది బోల్తా పడ్డారు.

పలాసోడు:

మాస్టారూ మీకు దండం పెట్టాలి. ఇప్పుడే నా టేబుల్ తీసి చూశా. మొదటి రెండు వరసలు గార్స్ అని ఉన్నాయి, తర్వాతవి మణుగులు, నేను అన్నీ కలిపి గ్రాఫ్ గీసేశా!! రాత్రికి మొత్తం మళ్ళీ వెయ్యాలి.

తార్నాక అక్కా, ఈ బుధవారం ఒక ప్రశ్న అడిగా. చూసే చదివా. గొంతు వణికింది. ఆయన "మంచి పాయింట్, నాకు తెలీదు" అన్నారు, అంతే, భూకంపం ఏమీ రాలేదు.

జర్మనీలో_గోంగూర:

లేటుగా చూశా ఈ పోస్టు. నేను ఇక్కడ జర్మనీలో మెకానికల్ మాస్టర్స్ చేసి ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నా, నా మొదటి సెమినార్ కథ కూడా వినండి. నోటీసులో 16 సి.టి. అని ఉంది. నాలుగింటికి టంచనుగా పోయా, గదిలో నేనొక్కడినే, తప్పు బిల్డింగ్‌కి వచ్చానేమో అని రెండుసార్లు బయటికెళ్ళి బోర్డు చూసొచ్చా. నాలుగుంబావుకి అందరూ వచ్చారు. సి.టి. అంటే లాటిన్‌లో ఏదో, పావుగంట తర్వాత అని అర్థం అంట, ఇక్కడ యూనివర్సిటీల్లో పాత అలవాటు, ఎస్.టి. అని ఉంటే మాత్రం కరెక్ట్ టైం. మన పదింటి సెమినార్ పదకొండున్నరకి మొదలవడం కూడా ఇదే కానీ వీళ్ళు దానికి పేరు పెట్టుకున్నారు.

ప్రసంగం అయ్యాక అందరూ ఒక్కసారిగా పిడికిళ్ళతో బల్లల మీద టకటకా కొట్టారు. నాకు గుండె ఆగింది, ఆయన ఏదో తప్పు మాట్లాడినట్టున్నాడు గొడవైపోద్ది అనుకున్నా. తర్వాత తెలిసింది అదే వీళ్ళ చప్పట్లు. ఆ తర్వాత స్పీకర్‌తో కలిసి అందరూ రెస్టారెంట్‌కి పోయారు, నన్నూ రమ్మన్నారు, పిలిచారు కదా వాళ్ళే ఇస్తారనుకుని మన లెక్కలో బాగానే ఆర్డర్ ఇచ్చా. బిల్లొచ్చినప్పుడు వెయిట్రెస్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి నీదెంత నీదెంత అని వసూలు చేసింది, స్పీకర్ ఒక్కడికే ఫ్రీ. ఆ నెలాఖరు దాకా రూంలో పప్పుచారే.

చెప్పొచ్చేదేంటంటే ఢిల్లీ కలకత్తా పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ వదిలితే వాళ్ళూ నీలాగే సమోసా నములుతూ నిలబడతారు, ఇక్కడ సమోసా కూడా ఉండదు. టీ దగ్గర నాకు పనికొచ్చిన ట్రిక్ ఒకటే, గుంపు దగ్గరికి పోవద్దు, ఒంటరిగా నిలబడ్డ ఇంకో మనిషి దగ్గరికి పో. ప్రతిసారీ ఒకడుంటాడు. స్పీకర్ కూడా చాలాసార్లు ఒంటరిగానే ఉంటాడు, కప్పు పట్టుకుని, అందరూ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే.

బీకరు_పిప్పెట్టు:

కెమిస్ట్రీ సైడు నుంచి ఒక మాట. మాకు డిస్కసెంట్లూ కీనోట్లూ ఏమీ ఉండవు, శనివారం పొద్దున గ్రూప్ మీటింగ్, పోయిన వారం రియాక్షన్ ఎందుకు ఫెయిలయిందో ఎన్ఎమ్ఆర్ టెస్టు రిపోర్టు పెట్టి అందరి ముందు ఒప్పుకోవడమే. నేర్చుకున్నదంతా అక్కడే, అవమానాలూ అక్కడే.

పార్టీలకి పోవాలా అన్నావు కదా. వెల్కమ్ పార్టీకీ ఫేర్‌వెల్‌కీ పో, అక్కడ పాట పాడమంటారు, నీకు రాకపోతే కుర్చీలు సర్దే పనో ప్లేట్ల పనో పెట్టుకో, పని చేసేవాడితో అందరూ మాట్లాడతారు. ఆఫీసు సెక్షన్ వాళ్ళు, అటెండర్ గారు కూడా అప్పుడే పరిచయమవుతారు, ఫెలోషిప్ క్లెయిమ్ ఫారం ఎక్కడ ఆగిందో చెప్పేది వాళ్ళే. మందు తాగే గెట్‌టుగెదర్లయితే ఇష్టం లేకపోతే మానెయ్, ఎవరూ గుర్తు పెట్టుకోరు. అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే, గెస్ట్ డిన్నర్ అని ఒక్కదాన్నే రమ్మంటే అది సెమినార్‌లో భాగం కాదు, ఇంకో స్కాలర్‌ని వెంట తీసుకెళ్ళండి, లేదా హాస్టల్ టైం అని చెప్పి తప్పుకోండి, సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

సర్టిఫికెట్_సుబ్బారావు:

అందరూ కలిసి నన్ను విలన్ని చేశారుగా. సరే బ్రదర్, నీ ప్రెజెంటేషన్ అయ్యాక ఎలా జరిగిందో చెప్పు. సర్టిఫికెట్ ఇస్తారా మరి?

పలాసోడు:

అయిపోయింది అండి, నిన్ననే. సర్టిఫికెట్ ఇవ్వలేదు సుబ్బారావు గారూ, ఉత్త టీయే.

మొదటి రెండు నిమిషాలు ఏం చదివానో నాకే తెలీదు. మ్యాప్ స్లైడ్ వచ్చాక కొంచెం సర్దుకున్నా, అక్క చెప్పినట్టు ఒక్క ముడే తీసుకున్నా, 1889 మద్రాసు సాల్ట్ యాక్ట్ వచ్చాక మడుల దగ్గర లైసెన్సుల గొడవ, అంతే. పద్దెనిమిది నిమిషాలకి ఛైర్ మేడం చీటీ పంపారు, రెండు నిమిషాలు అని. ఆఖరి పేజీ వదిలేసి ఆపేశా.

మొదటి ప్రశ్న బెంగళూరు నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారిది. మీ టేబుల్‌లో గార్స్ అని ఉంది, ఇదేం కొలత, ఇంగ్లీషు మాటలా లేదే అన్నారు. నేను ఆ గదిలో ఇంగ్లీషు వెతుక్కోకుండా చెప్పిన మొదటి జవాబు అదే అనుకుంటా. గార్స్ కాదు మేడం, గరిసె, మా ఊళ్ళో ధాన్యం పోసుకునేది, మా తాతయ్య వాళ్ళింట్లో ఉండేది, పిల్లలం లోపల దాక్కునేవాళ్ళం, కంపెనీ వాళ్ళకి పలకడం రాక గార్స్ అని రాసుకున్నారు అని తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పేశా. చేతులతో సైజు కూడా చూపించా. ఈసారీ నవ్వారు కానీ అది వేరే నవ్వు. ఆవిడ గరిసె అని రెండుసార్లు పలికి నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

రెండో ప్రశ్నకి మాత్రం దొరికిపోయా. మడుల్లో పని చేసిన ఆడవాళ్ళ కూలి ఎంత, లెక్కల్లో వాళ్ళు ఎందుకు లేరు అని మా సీనియర్ అడిగింది. నా దగ్గర జవాబు లేదు, తెలీదు అని చెప్పా. మా నాన్నమ్మ ఉప్పు గంప మోసిన మనిషి, ఆ ప్రశ్న నాకెందుకు రాలేదో రాత్రంతా అదే ఆలోచన.

టీ దగ్గర ఆ సీనియరే వచ్చి మాట్లాడింది. వచ్చేనెల ఎగ్మోర్ పోతోందంట, నీకేమైనా ఫైలు చూసిపెట్టాలా అంది. నేనూ వస్తా అన్నా. మాస్టారూ, సాల్ట్ డిపార్ట్‌మెంట్ కాగితాలు అక్కడ ఏ వరసలో అడగాలో చెప్తారా, టికెట్ బుక్ చేసేలోపు.

రిటైర్డ్_లెక్చరర్:

ముందు బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్ ఇండెక్స్ అడుగు బాబూ, అందులో సాల్ట్ విడిగా వస్తుంది. గైడ్ గారి దగ్గర లెటర్‌హెడ్ మీద ఉత్తరం, ఐడీ కార్డు తీసుకెళ్ళు. స్వెట్టర్ వద్దు, కర్చీఫ్ తీసుకెళ్ళు, ఆ కాగితాల దుమ్ముకి తుమ్ములే తుమ్ములు.